ఇంటి వర్క్‌షాపుకు డయల్ ఇండికేటర్: తక్కువ ఖర్చులో మంచి ఎంపిక

ఉపోద్ఘాతం

మీ ఇంటి వెనుక షెడ్డులో ఒక చిన్న లేత్ ఉందనుకోండి. పంపుసెట్టు షాఫ్టు ఒకటి మరమ్మతుకు వచ్చింది. దాన్ని నాలుగు దవడల చక్‌లో బిగించి, తిప్పి చూశారు. కంటికి సరిగానే తిరుగుతోంది. బేరింగు కూర్చునే చోటు తరిగి ఇచ్చారు. నెల తిరగకముందే బేరింగు మోత పెడుతోందంటూ రైతు తిరిగి వచ్చాడు. జాబ్ కేంద్రం మిల్లీమీటరులో ఏడో వంతు పక్కకు ఉన్నా కన్ను పట్టుకోలేదు. దాన్ని పట్టుకునే పరికరమే డయల్ ఇండికేటర్. వర్క్‌షాపుల్లో దీన్నే డయల్ గేజీ అంటారు.

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
• డయల్ గేజీ ఏమి కొలుస్తుందో చెప్పగలుగుతారు.
• మీ పనికి తగిన రకాన్ని ఎంచుకోగలుగుతారు.
• కొనేముందు దాన్ని స్వయంగా పరీక్షించగలుగుతారు.

1. డయల్ గేజీ ఏమి కొలుస్తుంది?

గేజీ కింది భాగంలో పైకీ కిందికీ కదిలే సన్నని కడ్డీ ఉంటుంది. దీని పేరు ప్లంజర్. ప్లంజర్‌పై ఉన్న పళ్లు లోపలి పళ్ల చక్రాలను తిప్పుతాయి. ఆ చక్రాలు చిన్న కదలికను పెద్దది చేసి ముల్లుకు అందిస్తాయి. సాధారణ గేజీలో డయల్‌పై 100 గీతలుంటాయి. ముల్లు ఒక చుట్టు తిరిగితే ప్లంజర్ 1 మి.మీ. కదిలినట్టు. అంటే ఒక్కో గీత విలువ 0.01 మి.మీ. ఇదే గేజీ కనీసపు కొలత. ఎన్ని చుట్లు తిరిగిందో లోపలి చిన్న డయల్ చెబుతుంది.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించండి. వెర్నియర్, మైక్రోమీటర్ వస్తువు కొలతను చెబుతాయి. డయల్ గేజీ తేడాను మాత్రమే చెబుతుంది. ఇక్కడికీ అక్కడికీ ఎంత ఎత్తుపల్లం ఉంది అన్నదే దాని ప్రశ్న. కాబట్టి ఒకే చోట ఎన్నిసార్లు ఆనించినా ముల్లు ఒకే గీత దగ్గర ఆగాలి. చవక గేజీకైనా, ఖరీదైన గేజీకైనా మొదట ఉండవలసిన గుణం ఇదే.

2. ఏ రకం కొనాలి?

ప్లంజర్ రకం: సాధారణంగా 10 మి.మీ. వరకు కదులుతుంది. గట్టిగా ఉంటుంది, ధర తక్కువ. మొదటి గేజీగా ఇదే కొనండి.

లివర్ రకం: చిన్న గోళం ఉన్న సన్నని పుల్ల అటూ ఇటూ ఊగుతుంది. కదలిక తక్కువ, చాలావాటిలో 0.8 మి.మీ. మాత్రమే. రంధ్రం లోపలి గోడను, ఇరుకు చోట్లను చూడటానికి ఇది కావాలి. దెబ్బకు తొందరగా పాడవుతుంది, ధర కూడా ఎక్కువ. దీన్ని రెండో విడతలో కొనవచ్చు.

0.001 మి.మీ. చూపే గేజీ ఇంకా మంచిది కదా అని మీకు అనిపించవచ్చు. కాని చిన్న లేత్‌లో స్పిండిల్ బేరింగుల ఆట, బెడ్ అరుగుదల వల్ల ఆ ముల్లు ఎక్కడా నిలవదు. ఇంటి పనికి 0.01 మి.మీ. చాలు. అంకెలు చూపే డిజిటల్ గేజీలూ ఉన్నాయి. అయితే చక్ తిప్పుతూ కేంద్రం వెతికేటప్పుడు మారే అంకెలకన్నా ఊగే ముల్లును చూడటమే తేలిక.

పాత సామాను కొట్లో కొంటుంటే డయల్‌పై రాతను తప్పక చదవండి. కొన్ని పాత గేజీలు అంగుళాల్లో ఉంటాయి. వాటిలో గీతకు 0.001 అంగుళం ఉంటే అది 0.0254 మి.మీ.తో సమానం. దాన్ని 0.01 మి.మీ. అనుకుంటే అసలు తేడా మీరు చదివినదానికి రెండున్నర రెట్లు ఉంటుంది.

3. కొనేముందు చేయవలసిన పరీక్షలు

పుణెలో తయారయ్యే బేకర్, జపానుకు చెందిన మిటుటోయో వంటి పేర్లు మీరు వింటారు. పేరు ఏదైనా, చేతిలోకి తీసుకుని ఈ నాలుగూ చేయండి.

(అ) గేజీని స్టాండుకు బిగించి ప్లంజర్‌ను చదునైన ఇనుముపై ఆనించండి. ప్లంజర్‌ను వేలితో కొద్దిగా ఎత్తి, మెల్లగా వదలండి. పదిసార్లు చేయండి. ప్రతిసారీ ముల్లు అదే గీతకు రావాలి.
(ఆ) ప్లంజర్‌ను అతి నెమ్మదిగా లోపలికి నొక్కి, అంతే నెమ్మదిగా వదలండి. ముల్లు ఎక్కడా ఆగి దూకకూడదు.
(ఇ) ప్లంజర్‌ను వేలితో పక్కకు చాలా తేలికగా తాకండి. ముల్లు కదిలినా, వేలు తీయగానే మొదటి గీతకు రావాలి.
(ఈ) ఫీలర్ గేజీలోని 0.10 మి.మీ. రేకును ప్లంజర్ కింద పెట్టండి. ముల్లు సుమారు 10 గీతలు జరగాలి. గేజీ ఎత్తు మార్చి, మరో రెండు చోట్ల ఇలాగే చూడండి. రేకు ఒకటే కనుక తేడా కూడా ఒకటే రావాలి.

మొదటి రెండు పరీక్షల్లో ఓడిన గేజీని ఎంత చవకైనా కొనకండి.

4. స్టాండును మరవకండి

మంచి గేజీని బలహీనమైన స్టాండుకు తగిలిస్తే తప్పు లెక్కలే వస్తాయి. అయస్కాంతపు అడుగు గట్టిగా పట్టాలి. కడ్డీలు లావుగా, పొట్టిగా ఉండాలి. కడ్డీని వేలితో కొద్దిగా నొక్కి వదిలితే ముల్లు పాత చోటికే రావాలి. రాకపోతే కీలు వదులుగా ఉన్నట్టు.

గేజీ మెడను పట్టే మరను అతిగా బిగించవద్దు. బిగిస్తే మెడ నొక్కుకుపోయి ప్లంజర్ పట్టేస్తుంది. గేజీ చెడిపోయిందని చాలామంది అనుకునేది ఇక్కడే. ముందు మర వదులు చేసి చూడండి. ప్లంజర్‌కు నూనె వేయకండి, దుమ్ము అంటుకుని బిగుసుకుంటుంది. పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

5. ఉదాహరణ

మోటారు ఆపి, షాఫ్టు నున్నని భాగంపై ప్లంజర్‌ను నిటారుగా ఆనించారు. ముల్లు కనీసం అర చుట్టు తిరిగేలా ముందే నొక్కి ఉంచారు. చక్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పితే ముల్లు 0 నుంచి 30 గీతల వరకు ఊగింది. అంటే మొత్తం ఊగు 0.30 మి.మీ. కాని షాఫ్టు కేంద్రం తప్పింది అందులో సగమే, 0.15 మి.మీ. ముల్లు ఎక్కువ చూపిన చోటును గేజీ వైపు తెచ్చి, ఎదుటి దవడను కొద్దిగా వదిలి, ఈ వైపు దవడను ముల్లు 15 గీతలు తగ్గేవరకు బిగించాలి. 30 గీతలూ తగ్గిస్తే తప్పు అటువైపుకు మారుతుంది, అంతే. మళ్లీ తిప్పి చూసి, ముల్లు నిలిచేవరకు ఇలాగే చేయాలి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. మొదటి గేజీగా ఏ రకం కొనాలి? ఎందుకు?
2. చక్‌ను ఒక చుట్టు తిప్పితే ముల్లు 0.24 మి.మీ. ఊగింది. జాబ్‌ను ఎంత జరపాలి?
3. స్టాండుకు బిగించగానే ప్లంజర్ పట్టేసింది. మొదట ఏమి చూడాలి?

సారాంశం

డయల్ గేజీ తేడాను చూపే పరికరం. ఎంత సూక్ష్మంగా చూపుతుందో చూసేముందు, ప్రతిసారీ ఒకేలా చూపుతుందో లేదో చూడండి. 0.01 మి.మీ. ప్లంజర్ గేజీ, దానికి తగిన గట్టి స్టాండు ఉంటే ఇంటి వర్క్‌షాపులో చాలా పనులకు సరిపోతాయి. మిగిలిన డబ్బు తరువాతి పనిముట్టుకు దాచుకోండి.

జవాబులు

1. ప్లంజర్ రకం. గట్టిగా ఉంటుంది, ఎక్కువ దూరం కదులుతుంది, ధర తక్కువ.
2. 0.12 మి.మీ.
3. మెడను పట్టే మర అతిగా బిగిసిందేమో చూడాలి.