కబురందగానే కదిలేవాళ్లు

పావగడ ఉన్నది కర్ణాటకలోనే అయినా దానికి మూడు వైపులా మన అనంతపురం సీమే. ఆ తాలూకాలోని కృష్ణాపురంలో 1920లో పుట్టిన నరసమ్మ మాతృభాష తెలుగు. సంచార కుటుంబం. బడి గడప తొక్కలేదు. పన్నెండో ఏట పెళ్లయింది. పన్నెండు మంది బిడ్డల్ని కని, నలుగుర్ని పసితనంలోనే పోగొట్టుకుంది. ఆమె కాన్పుల్లో అయిదింటికి పురుడు పోసింది అవ్వ మారిగెమ్మే. అంటే తాను నొప్పులు పడుతూనే అవ్వ పనితనం నేర్చుకుందన్నమాట. 1940లో, ఇరవయ్యేళ్ల వయసులో, దగ్గరి బంధువుకు మొదటిసారి పురుడు పోసింది. ఆ తర్వాత డెబ్బై ఏళ్లపాటు, డాక్టరు అందుబాటులో లేని పల్లెల్లో, ఎవరినీ పైసా అడగకుండా చేసిన కాన్పులు పదిహేను వేలు దాటాయి.

పొట్ట మీద చెయ్యి వేసి బిడ్డ తల ఎటుందో, నాడి ఎలా కొట్టుకుంటోందో, ఉమ్మనీరు ఎంతుందో చెప్పగలదని ఆమెకు పేరు. ఊరి మీదుగా వెళ్లే సంచార జాతులవాళ్ల దగ్గర మూలికలు తెలుసుకుంది. జనం సూలగిత్తి నరసమ్మ అని పిలిచారు. కన్నడంలో మంత్రసానిని అలాగే అంటారు. 2014లో తుమకూరు విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడాదే డిసెంబరు 25న బెంగళూరులోని ఆసుపత్రిలో 98వ ఏట కన్నుమూసింది.

పద్మశ్రీ వచ్చింది గనక నరసమ్మ పేరు మనకు తెలిసింది. మన ఊళ్లలో ఈ పని ఎక్కువగా మంగలి, చాకలి, మాల, మాదిగ ఇళ్ల ఆడవాళ్లు చేశారు. అర్ధరాత్రి తలుపు తడితే లాంతరు పట్టుకుని వెళ్లేవాళ్లు. బిడ్డను చేతుల్లోకి తీసుకోవడం, మాయ పడేదాకా కూర్చోవడం, బొడ్డు కోయడం, బాలింతకూ బిడ్డకూ నీళ్లు పోయడం, మైల గుడ్డలు ఉతకడం అన్నీ వాళ్ల పనే. ప్రతిఫలం నాలుగు శేర్ల బియ్యం, ఒక రవికగుడ్డ, పాత చీర. బిడ్డను ఈ లోకంలో మొట్టమొదట తాకిన మనిషిని, పురుడు వెళ్లాక ఆ ఇంటివాళ్లే వసారా దాటి లోపలికి రానివ్వని ఊళ్లు ఎన్నో. మంత్రసాని అంటే ఊరికి ఎంత గౌరవమో అని గొప్పగా రాసేవాళ్లు ఈ సంగతి ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు.

అలాగని పాత రోజులే బాగుండేవని కూడా అనను. ఆ రోజుల్లో తల్లులు చచ్చిపోయారు. బిడ్డ అడ్డం తిరిగితే, మాయ పడకపోతే, రక్తం కట్టకపోతే ఆ గదిలో ఎంత అనుభవం ఉన్న మనిషున్నా చేయగలిగింది తక్కువ. కొడవలితోనో తుప్పు బ్లేడుతోనో బొడ్డు కోసి, దాని మీద బూడిదో పేడో పెట్టిన చోట బిడ్డలు ధనుర్వాతంతో పోయారు. స్వతంత్రం వచ్చాక ప్రభుత్వం మంత్రసానులకు శిక్షణ మొదలుపెట్టి, చేతుల శుభ్రం, కింద పరిచే గుడ్డ శుభ్రం, బ్లేడు శుభ్రం, దారం శుభ్రం, బొడ్డు శుభ్రం అని చెప్పింది. టీకాలూ శుభ్రతా కలిసి పనిచేయగా పురిటి బిడ్డల ధనుర్వాతం నుంచి 2015కి దేశం బయటపడింది. నేర్పినచోట వాళ్లు నేర్చుకున్నారు. నేర్పేవాళ్లు మాత్రం మధ్యలోనే పని మానేసి వెళ్లిపోయారు. ఇలా జరిగింది ఒక్క మన దగ్గరే కాదు.

అలబామా అవ్వలు

అమెరికా దక్షిణాదిలో నల్లజాతి స్త్రీలకు ఆసుపత్రి తలుపులు మూసి ఉన్న కాలంలో కాన్పులు చేసింది వాళ్లలోని పెద్దవాళ్లే. మార్గరెట్ చార్ల్స్ స్మిత్ 1906లో అలబామాలోని గ్రీన్ కౌంటీలో పుట్టింది. తల్లి చనిపోతే, బానిసత్వంలో పుట్టి పెరిగిన అమ్మమ్మ సాకింది. 1949లో ఆరోగ్యశాఖ పర్మిట్ తీసుకుని దాదాపు 3,500 కాన్పులు చేసింది. అదే ఏడాది పర్మిట్ అందుకున్న ఆనీ లీ లోగన్ మొబీల్ నగరంలో ఒక డాక్టరు ఇంట్లో పనిమనిషి. పగలు ఆ ఇంటి పని, పిలుపు వస్తే రాత్రి కాన్పు. ఇద్దరి జీవితకథలూ వాళ్లు చెబుతుండగా వేరేవాళ్లు రాసిపెట్టినవి ఉన్నాయి. మంత్రసాని పని గురించి ఆ పని చేసిన మనిషి మాటల్లోనే తెలుసుకునే అవకాశం ప్రపంచంలో అరుదు.

1921లో వచ్చిన షెపర్డ్-టౌనర్ చట్టం తల్లీబిడ్డల ఆరోగ్యానికి కేంద్ర నిధులు ఇచ్చింది. వాటితో మంత్రసానుల శిక్షణ పెరిగింది. వాళ్లు నెలనెలా కౌంటీ ఆరోగ్య కార్యాలయంలో సమావేశానికి వెళ్లి సంచి తెరిచి చూపించాలి. తెల్లటి ఏప్రాన్, కత్తెర, బ్రష్, బిడ్డ కళ్లలో వేసే సిల్వర్ నైట్రేట్ చుక్కలు ఉండాలి. వేరు, ఆకు కనిపిస్తే పర్మిట్ పోతుంది. అవమానమే. అయినా ఆ సమావేశాల్లోనే ఆసుపత్రికి పంపాల్సిన లక్షణాలు నేర్చుకున్నారు, చుక్కలతో ఎందరో బిడ్డల చూపు కాపాడారు. జార్జియా రాష్ట్ర ఆరోగ్యశాఖ 1953లో మేరీ కోలీ అనే మంత్రసాని పనిని చూపిస్తూ ‘ఆల్ మై బేబీస్’ అనే శిక్షణ చిత్రం తీయించింది. జార్జ్ స్టోనీ దర్శకుడు. నిజమైన కాన్పును కెమెరా ముందు చూపించిన ఆ చిత్రాన్ని 2002లో అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాలో చేర్చారు.

దక్షిణ కరొలైనాలో మాడ్ కాలెన్ దారి వేరు. ఆమె చదువుకున్న నర్సు. పైన్‌విల్ అనే మారుమూల ప్రాంతంలో చిత్తడి నేలల మీదుగా తిరుగుతూ కాన్పులు చేసింది, యువతులకు ఆ పని నేర్పింది. 1951 డిసెంబరు 3 నాటి ‘లైఫ్’ పత్రికలో యూజీన్ స్మిత్ ఆమెను తన ఫొటోలతో లోకానికి చూపించాడు. కరుణ కోసం తీసిన బొమ్మలు కావవి. నిద్రలేక అలిసిన ముఖం, అయినా పట్టు తప్పని చేతులు. చూసిన పాఠకులు డబ్బు పంపారు, దాంతో 1953లో ఆమెకు ఒక క్లినిక్ కట్టారు. 

1976లో అలబామా చట్టం మార్చి నర్సు చదువు లేని మంత్రసానులకు దారి మూసేసింది. లోగన్ పర్మిట్ 1984లో రద్దయింది. దశాబ్దాల అనుభవాన్ని ఒక ఉత్తరం ముక్కతో ఇంటికి పంపారు. ఈలోగా పల్లె ఆసుపత్రుల్లో ప్రసవాల వార్డులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అవ్వలూ లేరు, వార్డులూ లేవు. ఇంటి కాన్పులు చేసే, శిక్షణ పొందిన మంత్రసానులకు అలబామా మళ్లీ చట్టబద్ధత ఇచ్చింది 2017లో. అప్పటికి నలభై ఏళ్లు గడిచాయి, నేర్పగలిగిన ఆ తరం వెళ్లిపోయింది.

గుర్రం మీద వచ్చిన నర్సు

అమెరికాలోనే, మేరీ బ్రెకిన్రిడ్జ్‌ను కాన్పుల పనిలోకి నెట్టింది దుఃఖం. 1916లో పుట్టిన కూతురు గంటల్లోనే పోయింది. రెండేళ్లకు నాలుగేళ్ల కొడుకూ పోయాడు. అప్పటికే నర్సు అయిన ఆమె, కాన్పుల చదువు అమెరికాలో నర్సులకు దొరకక లండన్ వెళ్లి నేర్చుకుంది. స్కాట్లండ్ కొండల్లో, దీవుల్లో వైద్యం ఎలా అందిస్తున్నారో తిరిగి చూసింది. 1925లో కెంటకీ కొండల్లోని లెస్లీ కౌంటీలో, రోడ్లు లేని చోట, గుర్రాల మీద తిరిగే నర్సులతో ఫ్రాంటియర్ నర్సింగ్ సర్వీస్ మొదలుపెట్టింది.

పోస్టర్లకెక్కింది ఆ గుర్రాలే. నాకు మాత్రం ఆ నర్సుల చేతిలోని చిన్న పుస్తకం ముఖ్యం అనిపిస్తుంది. ఏ లక్షణం కనిపిస్తే ఏం చేయాలో, ఎప్పుడు డాక్టరుకు కబురు పంపాలో వైద్యుల సంఘం రాసిచ్చిన ఆదేశాలు అందులో ఉండేవి. 1928కి హైడెన్‌లో సొంత ఆసుపత్రి వచ్చింది. నర్సు ఒంటరిగా వాగు దాటుతున్నా ఆమె వెనక డాక్టరు, మంచం, కత్తి అన్నీ ఉన్నాయి. కటిక పేదరికం ఉన్న ఆ కొండల్లో ప్రసవ మరణాలు దేశ సగటు కంటే చాలా తక్కువగా ఉండటానికి కారణం ఈ అమరికే. 1939లో యుద్ధం వచ్చి, అక్కడ పనిచేస్తున్న బ్రిటిష్ నర్సులు వెళ్లిపోతే, కాన్పుల చదువు చెప్పే బడి అక్కడే పెట్టుకున్నారు. ఆ బడి ఇప్పటికీ నడుస్తోంది.

బ్రెకిన్రిడ్జ్‌ను ఒక్క విషయంలో తప్పుపట్టాలి. 1923లో ఆ కొండల్లోని ముసలి మంత్రసానుల్ని గుర్రం మీద వెళ్లి కలిసింది, ప్రశ్నలడిగింది, వాళ్ల పద్ధతుల్లోని మురికి రాసుకుంది. తన సంస్థలో మాత్రం వాళ్లకు చోటివ్వలేదు.

బస్సుల్లో పుట్టిన బిడ్డలు

అమెరికాలోనే తర్వాతి తరంలో మంత్రసానిగా పేరుపడ్డ ఐనా మే గాస్కిన్ చదివింది ఇంగ్లిష్ సాహిత్యం. 1970లో సహచరుడు స్టీఫెన్ ఉపన్యాసాల కోసం దేశమంతా తిరుగుతున్న బస్సుల గుంపులో, ఒక విశ్వవిద్యాలయం పార్కింగ్ స్థలంలో, ఎవరో ఒకామెకు నొప్పులొచ్చి బస్సులోనే కాన్పయింది. ఆ బృందం 1971లో టెనెస్సీలో ‘ఫార్మ్’ అనే ఊరు కట్టుకుని స్థిరపడింది. ఐనా మే, ఆమెతోటి స్త్రీలు కాన్పులు చేస్తూ నేర్చుకున్నారు. వాళ్ల అదృష్టం స్థానిక డాక్టరు ఒకాయన. వీళ్లను చీదరించుకోకుండా పాఠాలు చెప్పాడు, పిలిస్తే వచ్చాడు. అలబామా అవ్వలకు ఎన్నడూ దొరకని మర్యాద ఈ తెల్లజాతి యువతులకు దొరికిందని కూడా చెప్పుకోవాలి.

బిడ్డ తల బయటికి వచ్చాక భుజాలు ఇరుక్కుపోవడం డాక్టర్లను సైతం వణికించే ఆపద. తల్లిని చేతుల మీద, మోకాళ్ల మీద ఉంచితే చాలాసార్లు భుజం వదులవుతుంది. ఈ కిటుకును ఐనా మే 1976లో గ్వాటెమాలా ఆదివాసీ స్త్రీల పద్ధతి నుంచి తెలుసుకుంది. ఇవాళ వైద్య గ్రంథాల్లో అది ‘గాస్కిన్ మెనూవర్’. ఎక్కడి నుంచి వచ్చిందో ఆమె దాచలేదు. కానీ పేరు మాత్రం పుస్తకం రాయగలిగిన మనిషిదే అయింది. పావగడలో నరసమ్మకు తెలిసినవాటిలో ఏమేం ఇలా గ్రంథాలకెక్కవలసినవో!

నెదర్లాండ్స్‌లో ఇంటి కాన్పు ఎవరికీ వింత కాదు. 1960లలో అక్కడ మూడింట రెండు వంతుల బిడ్డలు ఇంట్లోనే పుట్టారు. ఇప్పుడు బాగా తగ్గినా, నాలుగేళ్ల డిగ్రీ చదివిన మిడ్‌వైఫ్ ఇంటికొచ్చి కాన్పు చేయడం మామూలు సంగతే. మిడ్‌వైఫ్‌కు నడుం నొప్పి పుట్టకుండా మంచం కాళ్ల కింద దిమ్మలు పెట్టి ఎత్తు పెంచుతారు. కాన్పయ్యాక వారం పైచిలుకు బాలింత సహాయకురాలు ఇంటికొస్తుంది. ఎవరు ఇంట్లో కనొచ్చో, ఎవరు ఆసుపత్రికి వెళ్లాలో వైద్యులూ మిడ్‌వైఫులూ కలిసి ఒప్పుకున్న జాబితా ఉంది.

ఇంత ఏర్పాటున్న దేశాల్లో కూడా ప్రమాదం పూర్తిగా పోదు. ఇంగ్లండులో అరవై నాలుగు వేల మందికి పైగా, ఏ చిక్కూ లేని గర్భిణుల మీద జరిగిన అధ్యయనం 2011లో వెలువడింది. రెండో కాన్పు, ఆపై కాన్పుల్లో ఇల్లయినా ఆసుపత్రయినా బిడ్డకు తేడా లేదు. తొలిచూలు మాత్రం ఇంట్లో కందామనుకుంటే బిడ్డకు తీవ్రమైన హాని వెయ్యికి తొమ్మిది చోట్ల, ఆసుపత్రిలో కందామనుకుంటే అయిదు చోట్ల జరిగింది. ఇంట్లో కందామనుకున్న తొలిచూలు తల్లుల్లో 45 శాతం మందిని ఆసుపత్రికి మార్చాల్సి వచ్చింది. ఇందులో మిడ్‌వైఫ్ ఓటమి ఏమీ లేదు. వేళకు పంపడం కూడా కాన్పు చేయడంలో భాగమే. అంబులెన్సు అరగంటలో రాని చోట ఇంటి కాన్పును గొప్పగా చెప్పేవాళ్లు ఈ 45 గుర్తుంచుకోవాలి.

మన గడపలో

2005లో, ఆసుపత్రిలో కనే తల్లులకు డబ్బు సాయం చేసే జననీ సురక్ష యోజన వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సు మొదలైంది. అప్పటికి దేశంలో పదింట నాలుగు కాన్పులు కూడా ఆసుపత్రుల్లో జరగడం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆ వాటా 88.6 శాతం. తెలంగాణలో 97. లక్ష కాన్పులకు 2004-06లో 254 మంది తల్లులు పోతుంటే, 2018-20కి ఆ సంఖ్య 97కి దిగింది. ఇది మామూలు విజయం కాదు. ఎన్ని ఇళ్లలో తల్లి మిగిలిందో లెక్కేసుకోండి.

ఈ మార్పులో మంత్రసానిని మాత్రం ఎవరూ పిలవలేదు. ఆశా కార్యకర్త వచ్చింది, మంచిదే. అవ్వ చేతుల్లోని తెలివిని ఆమెకు అందించే ఏర్పాటు చేయలేదు. ఆసుపత్రిలో నొప్పులు పడే అమ్మాయి పక్కన కూర్చునే మనిషి కరవైంది. అదే సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లు. ఓపిక పట్టే మనిషిని గదిలోంచి పంపేసినప్పుడు కత్తి ముందుకొస్తుంది. ముహూర్తం, ఖర్చు, భయం వంటి కారణాలూ ఉన్నాయి, కాదనను. కానీ గంటల తరబడి నడుం రాస్తూ ధైర్యం చెప్పే మనిషి ఉంటే ఆ భయంలో సగం ఉండదు.

2017లో తెలంగాణ ప్రభుత్వం యునిసెఫ్, ఫెర్నాండెజ్ ఆసుపత్రితో కలిసి నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు ప్రకటించింది. నర్సు చదువు మీద మరో పద్దెనిమిది నెలలు. నొప్పుల్లో తల్లిని నడవనివ్వడం, తనకు నచ్చినట్టు కూర్చోనివ్వడం, అయినవాళ్లను పక్కన ఉండనివ్వడం వాళ్ల పాఠాల్లో ఉన్నాయి. నరసమ్మకు ఎవరూ చెప్పక్కర్లేని పాఠాలివి. ఈ శిక్షణ పొందినవాళ్లు ఆసుపత్రుల్లోనే పనిచేస్తారు. అది సరైన నిర్ణయమే అని నేననుకుంటాను.

ఆసుపత్రి బయటి కాన్పులు మాత్రం ఆగలేదు. 108 వాహనాల్లో, రోడ్డు పక్కన ఆపి, అత్యవసర వైద్య సాంకేతిక నిపుణులు బిడ్డల్ని అందుకుంటూనే ఉన్నారు. ఉత్తరాంధ్ర మన్యంలో డోలీ మీద మోసుకెళ్తుండగా దారిలోనే కాన్పయిన కబుర్లు ప్రతి వానాకాలం పత్రికల్లో చూస్తున్నాం. నెలలు నిండిన గిరిజన స్త్రీలను ముందే తీసుకొచ్చి ఉంచే వసతి గృహం సాలూరులో 2018లో మొదలైంది. చక్కటి ఆలోచన. కానీ ఇంట్లో చిన్నపిల్లలున్న తల్లి, పొలంలో పంటున్న తల్లి వారాల తరబడి అక్కడ ఉండలేదు. ఆమెకు కొండ మీదే నొప్పులొస్తాయి. అప్పుడు పక్కన ఉండేది ఆ ఊరి ముసలామే.

ఆ ముసలామె ఏ జాబితాలోనూ లేదు. ముందు ఆమె పేరు ఉప కేంద్రంలో రాసుకోవాలి. శుభ్రమైన బ్లేడు, దారం, చేతి తొడుగులున్న సంచి ఇవ్వాలి. రక్తస్రావం, వాపు, మూర్ఛ, ఉమ్మనీరు పచ్చబడటం కనిపిస్తే క్షణం ఆగకుండా పంపాలని, ఏడాదికోసారి కాదు, నెలనెలా కూర్చోబెట్టి చెప్పాలి. తల్లితోపాటు ఆమెనూ ఆసుపత్రి దాకా రానివ్వాలి, ఆ రోజు కూలి ఇవ్వాలి. లేబర్ రూము దగ్గర డ్యూటీలో ఉన్న నర్సమ్మ, ‘అవ్వా, నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి, నీకేం కనపడింది?’ అని అడిగి, ఆమె చెప్పింది కేసు షీట్ మీద రాసుకోవాలి.