చేప కోసం గోడ, చేమ కోసం మడి

చేమదుంపల పులుసు మీకు ఇష్టమేనా? పచ్చి దుంపలు తరిగినప్పుడు అమ్మ చేతులు దురద పెట్టడం మీరు చూసే ఉంటారు. “కందకు లేని దురద కత్తిపీటకెందుకు?” అన్న సామెత కంద గురించి పుట్టినా, ఆ దురద చేమకూ ఉంది. రెండూ ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. వీటి కణాల్లో కాల్షియం ఆక్సలేట్ అనే పదార్థం సన్నని సూదుల వంటి స్ఫటికాలుగా ఉంటుంది. ఆ సూదులు చర్మంలో గుచ్చుకోవడం వల్లనే దురద. బాగా ఉడికిస్తే ఆ బాధ ఉండదు.

మనకు చేమ ఒక కూర మాత్రమే. పసిఫిక్ మహాసముద్రం నడుమ ఉన్న హవాయి దీవుల ప్రజలకు మాత్రం అదే అన్నం. వాళ్లు దానిని ‘కాలో’ అంటారు. ఉడికించిన దుంపల తొక్క తీసి, చెక్క పలక మీద రాతి రోకలితో దంచి, నీళ్లు కలిపి మన సంకటి కంటే పలచగా చేస్తారు. దీని పేరు ‘పోయి’. (మన ‘వెళ్లి పోయి’కీ దీనికీ ఏ సంబంధమూ లేదు!) రెండు మూడు రోజులు ఉంచితే పోయి పులుస్తుంది. పాలను పెరుగుగా మార్చే బాక్టీరియాకు దగ్గరి చుట్టాలే ఈ పని చేస్తాయి. పోయి ఎంత చిక్కగా ఉందో చెప్పడానికి అక్కడివారికి ఒక తమాషా కొలత ఉంది: ఒక వేలితో తీసుకోగలిగితే ‘ఒక వేలి పోయి’, పలచనైతే ‘రెండు వేళ్ల పోయి’!

హవాయి పురాణ కథలో ఆకాశదేవుని మొదటి బిడ్డ ప్రాణం లేకుండా పుట్టాడు. ఆ బిడ్డను పాతిపెట్టిన చోట మొలిచినదే మొదటి చేమ మొక్క. తర్వాత పుట్టిన రెండవ బిడ్డ మనుషులకు మూలపురుషుడు. అంటే చేమ వారికి అన్నగారు! అందుకే పోయి గిన్నె మూత తీసి ఉన్నంతసేపు ఎవరూ పోట్లాడుకోకూడదని పెద్దలు చెప్పేవారు.

కొండ నుంచి కడలి దాకా

అన్నం ఉంటే సరిపోతుందా? కూర కావాలి కదా. పూర్వం హవాయి ప్రజలు భూమిని కొండ కొమ్ము నుంచి సముద్రం దాకా ఒకే పట్టీగా విభజించుకునేవారు. ఆ పట్టీని ‘అహుపువా’ అనేవారు. కొండ మీద అడవి, దిగువన వాగు పక్కన చేమ మళ్లు, చివర సముద్రపు ఒడ్డున చేపల చెరువు ఉండేవి. చేమ మడి చూడటానికి మన వరి మడిలాగే ఉంటుంది. వాగు నీరు ఒక మడి నుంచి ఇంకో మడికి మెల్లగా పారుతుంది. నీటి వేగం తగ్గినందువల్ల అందులోని మట్టి మళ్లలోనే అడుగుకు దిగిపోతుంది. తేరుకున్న నీరు, మొక్కలకు పనికివచ్చే లవణాలతో సహా, చేపల చెరువుకు చేరుతుంది.

ఓఅహు దీవిలో కానెయోహె ఖాతం ఒడ్డున ఉన్న హెయియా చెరువు ఇలాంటిదే. దాని వయస్సు 600 నుంచి 800 సంవత్సరాలు. విస్తీర్ణం 88 ఎకరాలు. చుట్టూ ఉన్న గోడ పొడవు సుమారు 2 కిలోమీటర్లు, వెడల్పు దాదాపు 4 మీటర్లు. సున్నం లేదు, సిమెంటు లేదు. రెండు వరుసలుగా నల్లరాళ్లు పేర్చి, నడుమ పగడపు రాళ్లు నింపారు. సందుల గుండా నీరు కొంచెం కొంచెంగా లోపలికీ బయటికీ పోతుంది. అందువల్ల అలల తాకిడికి గోడ తట్టుకుంటుంది.

గోడలో అక్కడక్కడా ‘మాకాహా’ అనే తలుపులుంటాయి. కర్రలను సన్నని సందులు ఉండేలా నిలబెట్టి కట్టిన తలుపులివి. చిన్న చేపపిల్లలు సందుల్లోంచి దూరి చెరువులోకి వస్తాయి. లోపల తిని లావెక్కాక మళ్లీ బయటికి పోలేవు! పోటు సమయంలో తాజా నీరు లోపలికి వస్తుంటే పెద్ద చేపలు తలుపు దగ్గర గుమిగూడతాయి. అప్పుడు కావలసినన్ని పట్టుకోవచ్చు.

మరి వాటికి మేత ఎవరు వేస్తారు? ఎవరూ వెయ్యరు. మంచినీరూ ఉప్పునీరూ కలిసే ఈ లోతులేని చెరువులో ఎండ అడుగుదాకా తగులుతుంది. కిరణజన్య సంయోగక్రియ వల్ల నాచు దట్టంగా పెరుగుతుంది. ఇక్కడ ముఖ్యంగా పెరిగే ముల్లెట్ చేపలు, పాలచేపలు ఆ నాచును తింటాయి. ఈ ముల్లెట్ జాతి మన పులికాట్ సరస్సులోనూ దొరుకుతుంది. పాలచేపను మన తీరంలో పాలబొంత అంటారు.

ఇందులో ఒక చక్కని లెక్క ఉంది. ఆహారపు గొలుసులో ఒక మెట్టు ఎక్కినప్పుడల్లా శక్తిలో సుమారు పదో వంతే పై మెట్టుకు అందుతుంది. ఉదాహరణకు 1,000 కిలోల నాచు తిని శాకాహారి చేపలు 100 కిలోలు పెరిగితే, వాటిని తిని పెరిగే వేట చేపలు 10 కిలోలే అవుతాయి. శాకాహారి చేపలను పెంచడం వల్ల ఆ దీవివాసులకు తక్కువ చోటులో ఎక్కువ ఆహారం దొరికేది.

గోడ ఎందుకు కూలింది?

1990లో జరిగిన ఒక సర్వే హవాయిలో ఇటువంటి చెరువుల ఆనవాళ్లను 488 చోట్ల గుర్తించింది. వాటిలో చాలావాటికి అప్పటికే ఆనవాళ్లు తప్ప ఏమీ మిగల్లేదు. కొన్ని పూడిపోయాయి, కొన్నింటి మీద కట్టడాలు లేచాయి. తిండి ఓడల మీద దిగడం మొదలైంది. ఈ దీవుల ఆహారంలో 85 నుంచి 90 శాతం దాకా బయటినుంచే వస్తున్నదని అంచనా. దగ్గరి ఖండమే దాదాపు 3,800 కిలోమీటర్ల దూరం. ఓడలు కొన్నాళ్లు ఆగితే ఏమవుతుందో ఊహించండి!

హెయియా చెరువుకు 1965 మే నెలలో పెద్ద దెబ్బ తగిలింది. వరద వచ్చి సుమారు 200 అడుగుల గోడను కొట్టుకుపోయింది. దీనికి తోడు ఇంకో శత్రువు నెమ్మదిగా గోడను కమ్మింది. అదేమిటో తెలుసా? మడ చెట్టు!

మీరు ఆశ్చర్యపోతారు. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవులు తుఫాను అలల నుంచి తీరాన్ని కాపాడతాయని మనం చదువుకున్నాం కదా! అది నిజమే. కాని హవాయిలో మడ చెట్లు సహజంగా లేవు. 1902లో ఒక చక్కెర కంపెనీ బురద జారిపోకుండా మొలొకాయి దీవిలో వాటిని నాటింది. మన ఉప్పుపొన్నకు చుట్టమైన ఆ చెట్టు మిగతా దీవులకూ పాకింది. దాని వేళ్లు రాళ్ల సందుల్లో దూరి గోడను విడదీశాయి. వేళ్ల మధ్య బురద పేరుకుని చెరువు మెరక వేసింది. పుట్టినచోట కాపలాదారుగా ఉన్న మొక్క, పరాయిచోట ఆక్రమణదారు అయింది. ఒక ప్రాణి మంచిదా చెడ్డదా అని అడిగేముందు, అది ఎక్కడ ఉందో చూడాలన్నమాట!

రెండు వేల జతల చేతులు

2001లో కొందరు యువకులు ‘పాయెపాయె ఒ హెయియా’ అనే సంస్థను స్థాపించి చెరువును బాగుచేయడం మొదలుపెట్టారు. కొన్ని శనివారాలు పని దినాలుగా పెట్టారు. బడిపిల్లలు, ఉద్యోగులు, ముసలివాళ్లు ఎవరైనా రావచ్చు, కూలి లేదు. మడ చెట్లు నరకడం, పరాయి నాచును చేతులతో పీకడం, దొర్లిన రాళ్లను మళ్లీ పేర్చడం వాళ్ల పని. పై భాగంలో ‘కాకో ఓయివి’ అనే మరో సంస్థ 2010లో 405 ఎకరాల బాడవ నేలను కౌలుకు తీసుకుని, కలుపు కమ్మిన చోట మళ్లీ చేమ మళ్లు కడుతోంది. పైన మడి బాగుపడితేనే కింద చెరువులో మట్టి తగ్గుతుంది.

2015 డిసెంబరులో ఒక రోజు, వరద కొట్టుకుపోయిన గండిని పూడ్చడానికి రమ్మని పిలుపు ఇచ్చారు. సుమారు రెండు వేల మంది వచ్చారు! గోడ పొడవునా వరుసగా నిలబడి, చేయి చేయి మార్చుకుంటూ రాళ్లు అందించారు. యాభై ఏళ్లుగా తెరుచుకుని ఉన్న గండి దగ్గరికి రాళ్లు అలా నడిచి వెళ్లాయి.

ఈ ఒక్క చెరువుతో దీవుల ఆకలి తీరిపోదు. ఓడలు ఇంకా వస్తూనే ఉన్నాయి. కాని రాయి మోసిన పిల్లవాడికి ఒక సంగతి తెలిసింది: తన పళ్లెంలోని చేపకూ, కొండ మీద కురిసిన వానకూ, నడుమనున్న చేమ మడికీ సంబంధం ఉంది. ఆ వరుసలో ఏ ఒక్కటి తెగినా పళ్లెం ఖాళీ అవుతుంది.

ఈసారి మీ ఇంట్లో చేమదుంపలు వండినప్పుడు అవి ఏ ఊరి నుంచి వచ్చాయో, ఏ నీటితో పండాయో అడిగి తెలుసుకోండి. ఆ నీరు వచ్చే చెరువు గట్టు ఎలా ఉందో కూడా ఒకసారి వెళ్లి చూసి రండి.