మృణాళినీ ముఖర్జీ శిల్పకళ

మృణాళినీ ముఖర్జీ (1949 - 2015) ప్రసిద్ధ భారతీయ శిల్పి. జనపనార తాళ్ళను ముడులు వేసి నిలువెత్తు శిల్పాలను నిర్మించుట ఈమె ప్రత్యేకత. నారతో పేరు పొందిన ఈమె, యాభై యేళ్ళు దాటిన తరువాత కంచు పోత పనిని చేపట్టి, అందులోనూ తనదైన మార్గాన్ని ఏర్పరచుకున్నారు.

బాల్యము, విద్య

మృణాళిని ముంబైలో జన్మించారు. తండ్రి వినోద్ బిహారీ ముఖర్జీ చిత్రకారుడు, తల్లి లీలా ముఖర్జీ శిల్పి. బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో చిత్రకళను, పిదప కె.జి.సుబ్రహ్మణ్యన్ వద్ద కుడ్యచిత్రకళను అభ్యసించారు. చేతివృత్తులను కళలతో సమానంగా గౌరవించిన గురువు ఆయన. నార పనిని హస్తకళగానే చూసే ఆ రోజులలో దానిని శిల్ప మాధ్యమంగా ఎన్నుకొనుటకు ఈ శిక్షణ తోడ్పడింది.

నార, ఉక్కు

ఈమె మగ్గము వాడలేదు. ముందుగా నమూనా చిత్రం గీసుకోలేదు. రంగు వేసిన తాడును చేతితో ముడి వెంట ముడి వేస్తూ పోగా ఆకారం క్రమంగా ఏర్పడేది. ఒక్కొక్క శిల్పానికి నెలల తరబడి శ్రమ అవసరమయ్యేది. యక్షి (1984), పక్షి (1985), వనశ్రీ (1994) వీటిలో ముఖ్యమైనవి.

నార మెత్తనిది, తన బరువుకు తానే క్రిందికి జారుతుంది. కొన్ని శిల్పాలను పైనుండి వ్రేలాడదీస్తే ఈ జారుడే అందమైన మడతలవుతుంది. నేలపై నిలబడవలసిన శిల్పానికి మాత్రం లోపల ఆధారం కావాలి. ఆ పని లోహపు చట్రం చేస్తుంది. బరువును లోహం మోయగా, రూపాన్ని నార ఇస్తుంది. 2000లో చేసిన "జౌబా" జనపనార, ఉక్కులతో కూడిన శిల్పం. ఆ మాటకు మందారం అని అర్థం. మనం జపాకుసుమం అనేది ఈ పువ్వునే. ఈ శిల్పం లండన్‌లోని టేట్ సేకరణలో ఉంది.

కంచు పని

1996లో నెదర్లాండ్స్‌లోని యూరోపియన్ సిరామిక్ వర్క్ సెంటర్‌లో మట్టి పని చేశారు. 2000 తరువాతి సంవత్సరాలలో కంచు వైపు మళ్ళారు. మైనంతో చేసిన రూపం చుట్టూ అచ్చు కట్టి, వేడితో మైనాన్ని కరిగించి తీసివేసి, ఆ ఖాళీలో కరిగిన కంచును పోయుట ఈ పద్ధతి. ముడి నచ్చకపోతే విప్పవచ్చు. పోసిన కంచును అలా విప్పుట సాధ్యం కాదు. కాని మైనం దశలో చేతికి పూర్తి స్వేచ్ఛ ఉంటుంది. మెత్తని పదార్థాన్ని చేతితో మలచుట ఈమెకు మొదటినుండి అలవాటైన పనియే. అందువలననే "పామ్‌స్కేప్" వరుసలోని కంచు శిల్పాలలో కూడా ఆకులు, మట్టల మడతలు సజీవంగా కనిపిస్తాయి. మాధ్యమం మారినా, మొక్కల ఎదుగుదల పట్ల ఈమె ఆసక్తి మారలేదు.

గుర్తింపు

2015 జనవరిలో ఢిల్లీలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఈమె జీవితకాల కృషిపై ప్రదర్శన మొదలైంది. కొద్ది రోజులకే ఈమె మరణించారు. 2019లో న్యూయార్క్‌లోని మెట్ బ్రాయర్‌లో ఈమె శిల్పాలతో ప్రత్యేక ప్రదర్శన జరిగింది. 2022 వెనిస్ బియెనాలెలోనూ ఈమె నార శిల్పాలకు స్థానం లభించింది.