అట్టపై ఉష్ణ ముద్రణ

పెళ్లి శుభలేఖపై మెరిసే బంగారు అక్షరాలను, కాఫీ కప్పుపై ముద్రించిన ఫొటోను, ఆటగాళ్ల బనియన్లపై కనిపించే బొమ్మలను మనమందరం చూస్తూనే ఉన్నాం. ఈ మూడింటికీ ఒక పోలిక ఉన్నది. వీటిలో దేనినీ తడి సిరాతో నేరుగా అచ్చువేయలేదు. బొమ్మను ముందుగా వేరొక కాగితం మీదనో, పలుచని పొర మీదనో తయారుచేసి, దానిని వస్తువుకు ఆనించి, వేడిచేసి, గట్టిగా అదిమి, బొమ్మను అక్కడినుంచి ఇక్కడికి మార్చారు. ఇట్టి పద్ధతులన్నిటినీ కలిపి ఉష్ణ బదిలీ ముద్రణ అనవచ్చు.

పైకి మూడూ ఒకటిగానే కనిపిస్తాయి. అయితే లోపల జరిగే పని మాత్రం ఒకటి కాదు. ఈ తేడా తెలియక నా పూర్వ విద్యార్థి ఒకడు చాలా చిక్కుల్లో పడ్డాడు. అతడు మిఠాయి దుకాణాలకు అట్టపెట్టెలు తయారుచేసి ఇస్తాడు. పెట్టె మూతలపై వధూవరుల పేర్లు, బొమ్మలు రంగుల్లో వేసి ఇస్తే నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయన్న ఆశతో, అప్పుచేసి, కప్పులకూ బనియన్లకూ బొమ్మలు వేసే హీట్ ప్రెస్ ఒకటి కొన్నాడు. మొదటి పెళ్లికి రెండువందల మూతలు. రంగులు వెలవెలపోయాయి. అంచులు గోధుమరంగుకు తిరిగాయి. కొన్ని మూతలు అప్పడాల్లాగా ఉబ్బి, ఒకవైపుకు వంగిపోయాయి. అతడు ఒక మూతను నా ముందు పెట్టి, “కాగితం మీద చక్కగా ఉన్న రంగు అట్ట మీదికి ఎందుకు రాదు మాస్టారూ? అదీ కాగితమే, ఇదీ కాగితమే గదా!” అని అడిగాడు.

ఆ ప్రశ్నలోనే జవాబు దాగి ఉన్నది. అదెట్లాగో చూద్దాం.

కర్పూరపు బిళ్లను మూతలేని పాత్రలో ఉంచితే కొన్ని రోజులకు తరిగిపోతుంది. బట్టల పెట్టెలో వేసిన కలరా ఉండలూ అంతే. అవి కరిగి నీరుగా మారవు. ఘనస్థితి నుంచి నేరుగా ఆవిరి అవుతాయి. దీనినే ఉత్పతనం అంటారని హైస్కూలు విద్యార్థులకు తెలుసు. ఈ గుణం గల రంగులు కూడా ఉన్నాయి. వాటికి డిస్పర్స్ రంగులని పేరు. ఇవి నీటిలో దాదాపు కరగవు. సుమారు 180 నుంచి 210 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడిచేస్తే ఆవిరి అవుతాయి. ఈ గుణాన్ని ముద్రణకు వాడుకోవచ్చునని ఫ్రాన్సు దేశంలో నోయెల్ ద ప్లాస్ అనే పరిశోధకుడు 1957లో కనుగొన్నాడు. కప్పుల మీద, బనియన్ల మీద ఫొటోలు వేసే నేటి పద్ధతికి మూలం అదే.

పాలియెస్టర్ బట్టపై ఈ రంగుల కాగితాన్ని బోర్లించి వేడిచేశామనుకుందాం. పాలియెస్టర్ అనేది పొడవైన గొలుసుల వంటి బృహదణువుల సముదాయం. చల్లగా ఉన్నప్పుడు ఆ గొలుసులు బిగిసి ఉంటాయి. సుమారు 70, 80 డిగ్రీలు దాటేసరికి వాటిలో కదలిక మొదలవుతుంది. 200 డిగ్రీల వద్ద గొలుసుల మధ్య సందులు బాగా వదులవుతాయి. ఆవిరైన రంగు అణువులు ఆ సందుల్లోకి దూరి, పాలియెస్టర్‌లో కరిగిపోతాయి. ఒక ఘనపదార్థంలో మరొక పదార్థం కరగడం వింతగా తోచవచ్చు గాని, నిజంగా జరిగేది అదే. బట్ట చల్లారగానే గొలుసులు మళ్లీ బిగుసుకుని రంగును లోపల బంధిస్తాయి. అందుచేత ఆ రంగు బట్టపైన ఉండదు, బట్టలో ఉంటుంది. ఎన్నిసార్లు ఉతికినా పోదు.

మరి అట్ట సంగతి ఏమిటి? అట్ట, కాగితం, నూలుబట్ట మూడూ ప్రధానంగా సెల్యులోజ్. సెల్యులోజ్ అణువు నిండా హైడ్రాక్సిల్ సమూహాలు ఉంటాయి. అవి నీటిని ఆకర్షిస్తాయి. నీటిని దగ్గరకు రానీయని డిస్పర్స్ రంగుకు అక్కడ చోటు లేదు. నూనె నూనెలో కలుస్తుంది గాని నీటిలో కలవదు గదా! అదీగాక వేడిచేస్తే సెల్యులోజ్ మెత్తబడి సందులు ఇవ్వదు. అది కరిగేలోపే మాడిపోతుంది. రంగు ఆవిరి పోగులపైన తేలికగా పేరుకుంటుంది, అట్టలోని ఖాళీల్లోకి చెదిరిపోతుంది, అంతే. అందుకే మూతలపైన బొమ్మ వెలవెలపోయింది.

ఇక విద్యార్థి ప్రశ్నకు వద్దాం. బొమ్మను మోసుకువచ్చే పనికి అసలు కాగితాన్ని ఎందుకు ఎంచుకున్నారు? కాగితం ఆ రంగును గట్టిగా పట్టుకోదు కనుకనే! వేడి తగలగానే వదిలిపెట్టడం దాని సుగుణం. మోసేవాడికి ఉండవలసిన గుణం వేరు, అందుకునేవాడికి ఉండవలసిన గుణం వేరు. మోసే కాగితానికి పనికివచ్చిన ఆ గుణమే అందుకోవలసిన అట్టకు దోషమైంది.

“అయితే పింగాణీ కప్పు మీద ఎట్లా పడుతున్నది?” అని తెలివైన విద్యార్థి అడుగుతాడు, అడగాలి కూడా. పింగాణీ కూడా ఈ రంగును పట్టుకోదు. ఆ కప్పులకు ముందే పాలియెస్టర్ వంటి పాలిమర్ పూత వేసి ఉంటుంది. వంటింట్లో ఉన్న మామూలు కప్పును అదే యంత్రంలో పెడితే బొమ్మ రాదు. అట్టకు కూడా అటువంటి పూత వేస్తే ఈ పద్ధతిలో రంగులు చక్కగా వస్తాయి. కాని ప్లాస్టిక్ పూత ఏదైనా సరిపోతుందని అనుకోరాదు. బజారులో దొరికే నిగనిగలాడే పెట్టెలకు చాలావరకు పాలీప్రొపిలీన్ పొర అతికి ఉంటుంది. అది సుమారు 160 డిగ్రీల వద్దనే కరుగుతుంది. 200 డిగ్రీల ప్రెస్‌లో పెడితే ముద్ద అయి బొమ్మ కాగితాన్ని పట్టుకుని ఊడిరాదు.

రంగు వెలవెలపోవడానికి కారణం తెలిసింది. మరి అట్ట ఉబ్బడం, వంగడం సంగతి? ఇక్కడ నేరం నీటిది. పొడిగా కనిపించే అట్టలో కూడా గాలిలోని తేమవల్ల చేరిన నీరు దాని బరువులో నూటికి 5 నుంచి 8 వంతుల దాకా ఉంటుంది. మన విద్యార్థి వాడిన మూత పొడవు 25, వెడల్పు 20 సెంటీమీటర్లు. అట్ట చదరపు మీటరుకు 300 గ్రాములది. లెక్కవేస్తే మూత బరువు 15 గ్రాములు. అందులో నీరు దాదాపు ఒక గ్రాము. ఒక గ్రామేగదా అనిపిస్తుంది. కాని ఒక గ్రాము నీరు 100 డిగ్రీల వద్ద ఆవిరి అయితే సుమారు 1700 ఘన సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది. అంటే లీటరున్నర పైచిలుకు ఆవిరి, రెండు పలకల మధ్య నొక్కిపెట్టిన అర మిల్లీమీటరు అట్టలోనుంచి బయటికి దారి వెతుక్కుంటుంది. ప్రెస్ తెరవగానే అట్ట పొరలను విడదీసి లేస్తుంది. అప్పడం పొంగినట్లే. వేడి పలక తగిలిన ముఖం ఎక్కువగా ఎండి ముడుచుకుంటుంది కనుక అట్ట అటువైపుకు వంగుతుంది. బొమ్మ పెట్టక ముందు అట్టను ఒంటరిగా కొద్ది సెకండ్లు ప్రెస్‌లో ఉంచి తీస్తే తేమ చాలావరకు పోతుంది. పనిలో ఆరితేరినవారు చేసేది ఇదే.

కాలం కూడా ముఖ్యం. కాగితం ఉష్ణాన్ని చాలా నెమ్మదిగా ప్రసరింపజేస్తుంది. వేడి లోపలికి దిగే లోతు కాలంతో సమానంగా పెరగదు; కాలం నాలుగింతలైతే లోతు రెండింతలు మాత్రమే అవుతుంది. అట్టలో వేడి ఒక సెకండులో దాదాపు 0.3 మిల్లీమీటరు దిగుతుందని స్థూలంగా చెప్పవచ్చు. నాలుగు సెకండ్లకు 0.6, నలభై సెకండ్లకు సుమారు 2 మిల్లీమీటర్లు. (అల్యూమినియంలో ఒక్క సెకండులోనే వేడి సెంటీమీటరు దాకా పోతుంది.) రంగు ఆవిరి కావడానికి నలభై సెకండ్లు ఆగితే అట్ట అడుగుదాకా కాగి, లోపలి నీరంతా కదులుతుంది. 200 డిగ్రీల వద్ద అంతసేపు ఉంటే సెల్యులోజ్ పసుపురంగుకు తిరగడం కూడా మొదలవుతుంది. లోపల అలలు అలలుగా ముడిచిన కాగితం ఉండే సరుకుల పెట్టెల అట్టకు ఇంకో బాధ ఉన్నది. ప్రెస్ బిగిస్తే ఆ అలలు నలిగిపోతాయి. పెట్టె బలమంతా ఆ అలల్లోనే ఉన్నది.

అట్టకు తగిన పద్ధతి శుభలేఖలపై ఎప్పటినుంచో ఉన్నది. బంగారురంగు ఫాయిల్‌ను పరిశీలించండి. పైన సుమారు 12 మైక్రాన్ల మందం గల పాలియెస్టర్ ఫిల్ము. దాని కింద వేడికి వదులయ్యే మైనం వంటి పూత. తరువాత పసుపు రంగు వేసిన వార్నిషు. ఆ తరువాత శూన్యంలో ఆవిరిచేసి పూసిన అల్యూమినియం, మందం మైక్రానులో కొద్ది నూరో వంతులు మాత్రమే. చివర వేడికి కరిగే జిగురు. మనం బంగారమని మురిసే ఆ మెరుపు నిజానికి పసుపు వార్నిషులోనుంచి కనిపించే అల్యూమినియం! దీనిని అట్టపై పరిచి, 100 నుంచి 150 డిగ్రీల దాకా కాచిన ఇత్తడి అచ్చుతో ఒక సెకండు సేపు అదుముతారు. అచ్చు తగిలిన చోట జిగురు కరిగి అట్టపోగుల సందుల్లోకి పాకి గడ్డకడుతుంది, మైనం వదులవుతుంది. ఫిల్మును లాగితే అక్షరం అట్టపై మిగులుతుంది. తగలని చోట ఫాయిల్ ఫిల్ముతోనే వచ్చేస్తుంది.

ఇక్కడ రంగు అట్టలో కరగవలసిన అవసరం లేదు. పట్టు దొరికితే చాలు. ఇందాక అడ్డంకి అయిన అట్ట ఖాళీలు ఇప్పుడు జిగురు వేళ్లూనడానికి స్థానం ఇస్తున్నాయి. ఒక్క సెకండులో వేడి పైపొర దాటదు కనుక లోపలి నీరు పెద్దగా కదలదు. బనియన్లకు వాడే జిగురుపూత గల బదిలీ ఫిల్ములు కూడా ఈ జాతివే.

ఇది కొత్త సంగతి కూడా కాదు. పూర్వం ఐరోపాలో పుస్తకాల తోలు అట్టలపై బంగారు రేకుతో పేర్లు వేసేవారు కోడిగుడ్డు తెల్లసొనను జిగురుగా పూసేవారు. కాచిన ఇత్తడి పనిముట్టు తగిలిన చోట సొన గడ్డకట్టి రేకును పట్టుకునేది. తక్కినచోట రేకును తుడిచివేసేవారు. బాణలిలో గుడ్డు గట్టిపడటం వంటిదే ఇది. ఆ బంగారు రేకు మందం మైక్రానులో పదో వంతు. హైదరాబాదు చార్మినారు ప్రాంతంలో సుత్తులతో కొట్టి తయారుచేసే వరఖును చూసినవారికి అంత పలుచని రేకును చేత్తో తాకితే ఏమవుతుందో తెలుసు.

ఉపాధ్యాయులు తరగతిలో చేసి చూపదగిన ప్రయోగం ఒకటి ఉన్నది. జిరాక్సు కాపీలోని నల్లరంగు సిరా కాదు. వేడికి మెత్తబడే ప్లాస్టిక్ పొడి. 1938 అక్టోబరు 22న న్యూయార్కులోని ఆస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్ తీసిన మొదటి జిరాక్సు ప్రతి కూడా ఒకవిధంగా ఉష్ణ బదిలీయే. గంధకం పూసిన జింకు పలకపై ఏర్పడిన పొడి బొమ్మను మైనపు కాగితానికి మార్చి, ఆ కాగితాన్ని వేడిచేసి స్థిరపరిచారు. మనం చేయవలసింది ఇది: పారదర్శకమైన ట్రేసింగ్ కాగితంపై పేరు రాసి, దానిని తిరగేసి జిరాక్సు తీయించాలి. అప్పుడు అక్షరాలు అద్దంలో చూసినట్లు వస్తాయి. ఆ ప్రతిని నునుపైన అట్టపై బోర్లించి, నీళ్లు లేని ఇస్త్రీపెట్టెను నూలుబట్టల వేడిలో ఉంచి, జరపకుండా పావు నిమిషం అదమాలి. వేడిగా ఉన్నప్పుడే కాగితం తీస్తే పొడిలో కొంత అట్టకు అంటుకుని పేరు సరిగా చదవడానికి వస్తుంది. ఇంక్‌జెట్ ప్రింటరుతో తీసిన ప్రతితో ఇదే పని చేయండి. ఏమీ రాదు, అందులో కరిగే ప్లాస్టిక్ లేదు. ఇస్త్రీపెట్టెను ఉపాధ్యాయులే పట్టుకోవడం, కిటికీలు తెరిచి ఉంచడం మంచిది.

మన పెట్టెల విద్యార్థి విషయానికి వస్తే, ప్రతి పెళ్లికీ పేర్లు మారతాయి కనుక ప్రతిసారీ ఇత్తడి అచ్చు చేయించడం అతనికి గిట్టుబాటు కాదు. ఆ ప్లాస్టిక్ పొడినే జిగురుగా వాడుకోమన్నాను. ఇప్పుడతడు పూతలేని పలుచని అట్టపై పెట్టెగా మడవకముందే లేజర్ ప్రింటరులో పేర్లు నల్లగా ముద్రిస్తాడు. వాటిపై ఇందుకోసం దొరికే ఫాయిల్ పరిచి, తన ప్రెస్‌ను 200 నుంచి సుమారు 130 డిగ్రీలకు దించి, కొద్ది సెకండ్లు అదుముతాడు. పొడి మెత్తబడి, నలుపు ఉన్నంతమేర ఫాయిల్‌ను పట్టుకుంటుంది. రంగుల ఫొటోలు మాత్రం వేయడం మానుకున్నాడు. క్రావడి, వట్రుసుడి వంటి సన్నని గీతల దగ్గర బంగారం ఇప్పటికీ అప్పుడప్పుడు తెగుతూ ఉంటుంది. గరుకు అట్ట గుంటల్లో ఫాయిల్ ఆనకపోవడమే దానికి కారణం. కాస్త ఖరీదైనా నునుపైన అట్ట కొనడం తప్ప దానికి వేరే ఉపాయం దొరకలేదు.