ఎక్స్‌రే గదిలో మొదటి పాఠము

బావిగట్టున జారిపడిన డెబ్బది యేండ్ల ముదుసలి నొకామెను స్ట్రెచరుమీద ఎక్స్‌రే గదిలోనికి తెచ్చిరనుకొందము. తుంటి యెముక విరిగినదేమో యని వైద్యుని అనుమానము. అచ్చట పని నేర్చుకొనుచున్న విద్యార్థి యంత్రమును చక్కగా అమర్చెను. వోల్టేజిని, కాలమును లెక్క ప్రకారమే నిర్ణయించెను. కాని ఆమెతో ఒక్క మాటయైనను పలుకలేదు. పెద్ద యంత్ర మొకటి తనపైకి దిగివచ్చుట చూచి ఆమె బెదరి కదలెను. పటము అలికినట్లయ్యెను. మరల తీయవలసి వచ్చెను.

ఇందు విద్యార్థి తప్పు ఎచ్చట నున్నది? భౌతికశాస్త్రములోనా, మర్యాదలోనా? ఎక్స్‌రే గదిలో ఈ రెంటిని విడదీయుటకు వీలులేదు. రేడియోగ్రాఫర్లకు రోగి సేవను, వృత్తిధర్మమును యంత్రవిద్యతో పాటు బోధించుటకు కారణ మిదియే.

1895 నవంబరు 8వ తేదీన జర్మనీలోని వూర్ట్స్‌బర్గ్ నగరమున రాంట్‌జన్ ఈ కిరణములను కనుగొనెను. ఇవి మెత్తని కండరములగుండ సులభముగా పోవును. కాల్షియముగల ఎముకలు వీనిని ఎక్కువగా అడ్డగించును. కనుక ఎక్స్‌రే పట మనగా ఒక విధమైన నీడ. పరుగెత్తు పిల్లవాని ఛాయాచిత్రము మసకబారునట్లే, కదలిన రోగి పటముకూడ మసకబారును. అట్టి పటమువలన వైద్యునికి ఉపయోగము లేదు. రోగి శరీరముమీద మాత్రము కిరణములు పడియే యుండును.

ఆ పడుట చిన్న సంగతి కాదు. ఈ కిరణములు అణువులలోని ఎలక్ట్రానులను వెడలగొట్టి, జీవకణములలోని డి.ఎన్.ఏ.కు హాని చేయగలవు. తొలినాళ్లలో ఈ సంగతి తెలియక పలువురు శాస్త్రజ్ఞులు తమ చేతులనే కిరణముల కడ్డముగా పెట్టి గొట్టములను పరీక్షించిరి. ఎడిసన్ వద్ద పనిచేసిన క్లారెన్స్ డాలీ ఆ విధముగనే రెండు చేతులును పోగొట్టుకొని 1904లో మరణించెను. ఎడిసన్ ఆ పరిశోధననే విడిచిపెట్టెను. ఇట్టి వారి స్మారకముగా 1936లో జర్మనీలోని హాంబర్గు నగరమున ఒక శిలాస్తంభమును నిలిపిరి.

నేడు వాడు మోతాదులు మిక్కిలి స్వల్పములు. ప్రకృతి నుండి మనకు సాలీనా ప్రపంచపు సగటున వచ్చు కిరణముల మోతాదు 2.4 మిల్లీసీవర్టులు, రొమ్ము ఎక్స్‌రే ఒకదానివలన కలుగునది 0.1 మిల్లీసీవర్టునకు మించదు. కనుక భయపడవలసిన పనిలేదు. అయినను ఊరక వృథా చేయుటకు హక్కును లేదు.

ఇచ్చట గమనింపదగిన విషయ మొకటి కలదు. మనదేశములో ఈ కిరణముల నడుమ పనిచేయు వారికి ఐదేండ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, సామాన్య ప్రజలకు 1 మిల్లీసీవర్టు అని పరిమితి విధింపబడినది. రోగికి అట్టి పరిమితి లేదు. చికిత్సకు ఎంత అవసరమో అంత తీయవలెనుగదా! కావున ఆ అవసరమును నిర్ణయించు వైద్యుని వివేకము, పటము తీయువాని శ్రద్ధ, ఈ రెండే రోగికి రక్ష.

ఈ శ్రద్ధను నేర్పుట యెట్లు? మొదట, రోగిని పేరుతో పలుకరించుట నేర్పుదురు. “మీ పేరు రామయ్యగారేనా?” అని అడుగుటకంటె, “మీ పేరేమిటండీ?” అని అడుగుట మేలు. చెవుడుగల వారు, భయముతో నున్నవారు మొదటి ప్రశ్నకు ఊరకే తల యూపుదురు. ఒకరి పటమును వేరొకరికి తీయు ప్రమాద మట్లు కలుగును. కుడి యెడమల గుర్తునుకూడ ప్రతి పటమునందు తప్పక ఉంచవలెను.

తరువాత, చేయబోవు పనిని ముందుగా చెప్పవలెను. రొమ్ము పటమునకు రోగి డిటెక్టరునకు రొమ్ము ఆనించి నిలుచును. భుజములను ముందునకు వంచినచో రెక్క యెముకల నీడ ఊపిరితిత్తులపై పడదు. “గాలి బాగా పీల్చండి, బిగబట్టండి” అన్నపుడు ఉదరవితానము క్రిందికి దిగి ఊపిరితిత్తులు విప్పారును. పటము తీసిన పిదప “ఇక వదలండి” అనుటను మరువరాదు. ఆ మాటకై ఎదురుచూచుచు బిగబట్టియే నిలుచున్న వృద్ధులెందరో!

స్త్రీలను గర్భముతో నున్నారా యని తప్పక అడుగవలెను. కాని నలుగురి యెదుట కాదు, మెల్లగా, చాటున అడుగవలెను. అవసరమైన మేరకే వస్త్రము తొలగింపజేసి, తెరను, దుప్పటిని ఏర్పరుపవలెను. బంధువులను గది వెలుపలికి పంపునపుడు కారణమును తెలుపవలెను. పసిబిడ్డను పట్టుకొనుటకు తల్లి లోపల నుండవలసినచో, ఆమె గర్భవతి కాదని తెలిసికొని, సీసపు ఏప్రను తొడిగించి, కిరణముల దారికి ప్రక్కగా నిలుపవలెను.

ఇవి పుస్తకములవలన మాత్రమే రావు. అందుచేత విద్యార్థులే వంతులవారీగా రోగులై ఆ గట్టి బల్లపై పడుకొందురు. యంత్రమును మాత్రము నడుపరు. చల్లని బల్లయు, తెలియని చేతి స్పర్శయు ఎట్లుండునో అప్పుడు వారికి తెలియును. ఉపాధ్యాయులు తరగతిలో ఇట్టి ప్రయోగమును చేయవచ్చును. ఒక విద్యార్థి చేతితో తాకక, మాటలతోనే మరొకనిని రొమ్ము పటమునకు తగినట్లు గోడకు ఎదురుగా నిలువబెట్టవలెను. స్పష్టమైన మాట ఎంత విలువగలదో అయిదు నిమిషములలో బోధపడును.

పటములో కనబడినదానిని తానే తీర్పుచెప్పక నివేదికకై వైద్యునకు పంపుట, రోగి పటములను సెల్‌ఫోనులో ఇతరులకు చూపకుండుట, పొరపాటు జరిగినచో దాచక చెప్పుట, ఇవి యన్నియు వృత్తిధర్మములే. దాచిన పొరపాటు ఎడమకాలికి బదులు కుడికాలిపై శస్త్రచికిత్స వరకును పోవచ్చును.

మొదట చెప్పిన ముదుసలి వద్దకు మరల వత్తము. “మామ్మగారూ, ఈ యంత్రం మిమ్మల్ని తాకదండి. కాలు మీరు కదపొద్దు, యంత్రాన్నే ప్రక్కకు తిప్పుతాను. రెప్పపాటులో అయిపోతుంది” అని విద్యార్థి చెప్పియుండినచో, విరిగిన తుంటిని తిప్పక, కిరణములనే అడ్డముగా పంపి పటము తీయుటకు ఆమె సహకరించెడిది. ఆ మాటలకు పట్టు కాలము పది సెకనులు. వానివలన ఒక పటము, కొంత నొప్పి, కొంత కిరణము తప్పియుండెడివి.