కారు కొనుటయా, కట్టుటయా?

మోటారు కార్లయందు మిక్కిలి మక్కువ గలవారు ఏ దేశమున నున్నను తమలో తాము ఒక తగవు పెట్టుకొనుచుందురు. తన చేతులతో కట్టుకొన్నవాడే నిజమైన అభిమాని యనియు, డబ్బు పోసి తెచ్చుకొన్నవాడు వట్టి షోకుగాడనియు ఒక పక్షమువారందురు. కాలమును ధనమును వ్యర్థపఱచి, తుదకు నడవని బండి నొకదానిని పెరటిలో పెట్టుకొని మురిసిపోవు వెఱ్ఱివాండ్రని రెండవ పక్షమువారు మొదటివారిని నవ్వుదురు. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము తాలూకాల పెద్దలకు ఈ తగవుతో పని యేమని మీరడుగవచ్చును. పని కలదు. కార్లు పుట్టుచోటు ఇప్పుడు మన గడప ముందటనే యున్నది.

పెనుకొండ చేరువనున్న ఎఱ్ఱమంచి కడ కర్మాగారము నెలకొల్పుటకు కొరియా దేశపు కియా కంపెనీవారు 2017వ సంవత్సరము ఏప్రిల్ నెలలో రాష్ట్రప్రభుత్వముతో ఒడంబడిక చేసికొనిరి. 2019లో అచ్చటినుండి సెల్టాస్ అను కారు వెలువడెను. ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల శక్తితో ఆ కర్మాగారము నిర్మింపబడినది. పనిదినములు మూడువందలని వేసికొన్నచో దినమునకు వేయి కార్లన్నమాట. 2023వ సంవత్సరము జూలై నాటికి పదిలక్షలవ కారు బయటికి వచ్చినది. వానకై ఆకాశము వంక చూచుచుండిన మెట్టనేలకు గొల్లపల్లి జలాశయము నీరు వచ్చినది. ఆ నీరే యంత్రములకును ఆధారమైనది.

ఇచ్చటనే ఒక చిక్కు గలదు. “మావాడు కార్లు చేయుచున్నాడు” అని ఒక తండ్రి రచ్చబండకడ గర్వముతో చెప్పును. కుఱ్ఱవాని నడిగినచో, తన ముందుకు కదలివచ్చు ప్రతి కారునకును ఒకే తావున అవే మరలు బిగించుట తన పని యనును. ఇనుపరేకుల నతుకునవి యంత్రహస్తములు. రంగు పూయునవియు నవియే. ఇంజను వేఱొకచోట తయారై వచ్చును. అట్లైన ఆ కారును చేసినవాడెవడు? కొన్నవాడు చేయలేదు సరే, చేయుచోటనున్నవాడైనను చేసెనా?

మన తాతలకు ఈ సంశయము లేదు. ఏలయన, వారు ఎద్దులబండిని కొననూ లేదు, చేయనూ లేదు, చేయించుకొనిరి. ఈ మూడవ క్రియను మనము మఱచితిమి గాని అసలు మర్మమంతయు అందులోనే యున్నది. రైతు తన గట్టుమీది తుమ్మచెట్టును తానే ఎంచుకొని కొట్టించును. మ్రాను ఎండువఱకు ఓపిక పట్టును. వడ్రంగి యింటిముందు కూర్చుండి, నడిమి కుండకు ఏ ముక్క తగును, ఆకులకు ఏది తగును, ఇరుసునకు ఏది నిలుచును అని వానితో వాదించును. చక్రము కుదిరిన పిమ్మట కమ్మరి ఇనుపపట్టాను చక్రముకన్న ఒక పిసరు చిన్నదిగానే చుట్టును. పిడకలమంటలో అది ఎఱ్ఱగా కాలి సాగినప్పుడు నలుగురు పట్టుకారులతో ఎత్తి కొయ్యమీద దింపుదురు. చుట్టును నీరు పోయుదురు. పట్టా చల్లారి ముడుచుకొని కుండను, ఆకులను, అంచుకొయ్యలను ఒక్కటిగా బిగించును. ఆ సమయమున యజమాని నీళ్లబిందెతో అక్కడనే నిలిచియుండును. అందుచేత పదియేండ్ల తరువాత చక్రము కిఱ్ఱుమన్నను, ఏ ఆకు వదులైనదో చెవితోనే కనిపెట్టగలడు. ఉలి పట్టుట వానికి రాదు, కాని బండి వానికి తెలియును.

మోటారు బండ్లును మొదట ఈ త్రోవనే నడచినవి. కంపెనీవారు చక్రములు, ఇంజను, పునాదిచట్రము మాత్రము కూర్చి అమ్మెడివారు. దానికి ఛాసీ యని పేరు. పైకప్పును, పీఠములను, తలుపులను కొన్నవాడు తన యిచ్చవచ్చినట్లు కట్టించుకొనెడివాడు. మదరాసులో 1840లో గుఱ్ఱపుబండ్లు కట్టుటతో మొదలైన సింప్సన్ కంపెనీవారి పనివాండ్రు ఆ పిమ్మట మోటారు బండ్లకును బాడీలు కట్టిరి. ఆ కంపెనీలోనే 1903లో ఆవిరితో నడచు కారొకటి తయారయ్యెను. లారీల విషయమున ఈ పద్ధతి చాలకాలము నిలిచినది. బెంగుళూరు రస్తామీద కప్పులేని, తలుపులేని, వట్టి చట్రముమీద ఒక డ్రైవరు తలకు తువాలు చుట్టుకొని ఎండను గాలిని ఓర్చుకొనుచు ఛాసీని బాడీ కట్టువారి ఊరికి తోలుకొనిపోవుట మీలో అనేకులు చూచియుందురు. మన భాషలో లారీకి బాడీ “కట్టించుట” అనియే వాడుక. బండి కట్టుటయన్న ఎద్దులను పూన్చుట అని మనకర్థము గనుక, మొదట ఈ మాట విన్నప్పుడు నాకు నవ్వు వచ్చినది.

ఈ వరుస మాఱుటకు కారణము ధర. 1913లో అమెరికాలో ఫోర్డు తన కర్మాగారమున పనివాండ్రను నిలువబెట్టి, కారునే వారి ముందునకు నడపించెను. అంతకుముందు ఒక ఛాసీని కూర్చుటకు పండ్రెండున్నర గంటలు పట్టుచుండగా, కొలది మాసములలోనే అది గంటన్నరకు దిగినది. ధర తగ్గెను. అటుపిమ్మట చట్రము వేఱు, బాడీ వేఱు అనుటయు పోయి, చిన్నకార్లన్నింటికిని రేకుపెట్టెయే చట్రమగునట్లు ఒక్కటిగా అచ్చువేయుట వచ్చినది. ఎఱ్ఱమంచి కారు అట్టిదే. దానికి కట్టించుకొనుట కేమియు మిగులలేదు. రంగు ఎంచుకొనుట మాత్రము మిగిలినది. ఆ వెలితియే కట్టుకొనువారి పట్టుదలకు మూలమని నా తలంపు.

వారి కథలును వినదగినవే. ఇంగ్లండులో లోటస్ కంపెనీవారు 1957 మొదలు సెవెన్ అను చిన్నకారును విడిభాగములుగా పెట్టెలలో పెట్టి అమ్మిరి. కూర్చిన కారునకు కొనుగోలు పన్ను కలదు, విడిభాగములకు లేదు. కూర్చు విధమును తెలుపు పుస్తకమిచ్చినచో పన్ను పడును గనుక, విప్పు విధమును తెలుపు పుస్తకమిచ్చి తిరుగవేసి చదువుకొమ్మనిరని అచ్చటివారు నేటికిని చెప్పుకొందురు. ఎట్లైననేమి, వేలకొలది ఉద్యోగులు, ఉపాధ్యాయులు తమ కొట్టములలో కారు కూర్చుకొనిరి.

మన తెలుగునాటనే హైదరాబాదున కె. సుధాకర్ అనువారున్నారు. పాత సామానుతో తమ షెడ్డులో వంకాయ యాకారమున, చెప్పు యాకారమున, క్రికెట్టు బంతి యాకారమున నడచు కార్లను చేసి, జంతుప్రదర్శనశాలకు చేరువలో 2010లో ప్రదర్శనశాలను తెఱచిరి. వారు చేసిన మూడుచక్రముల సైకిలు 41 అడుగుల 7 అంగుళముల ఎత్తు గలది. 2005లో అది ప్రపంచములో నెల్ల పెద్దదిగా గిన్నిసు గ్రంథమున కెక్కినది. వంకాయ కారులో సంతకు పోవువారు లేరు గదా యని కొందఱు నవ్వవచ్చును. వానిని చూడవచ్చిన పిల్లలు మాత్రము నవ్వుచునే క్రిందికి వంగి, చక్రములెట్లు తిరుగుచున్నవో చూతురు.

అయినను కట్టుకొన్నవాడు కొన్నవానిని చులుకన చేయుట నాకు సమ్మతము గాదు. వాడును ఇంజను కొనును, చక్రములు కొనును, దీపములు కొనును. సమస్తమును తానే చేసికొన్నవాడు ఎచ్చటను లేడు. కొరియావారి కథయే ఇందుకు సాక్ష్యము. యుద్ధములో నలిగిన ఆ దేశమున 1955లో మొదటి కారైన సీబాల్‌ను అమెరికా సైన్యపు పాతజీపుల భాగములతోను, నూనెపీపాలను సాగగొట్టిన రేకుతోను చేసిరి. సీబాల్ అన్న మాటకు ఆరంభమని యర్థము. నేడు మన పొరుగుననున్న కియా కంపెనీయు 1944లో ఇనుపగొట్టములు, సైకిలు భాగములు చేయుటతో పుట్టినదే. 1952లో సైకిలు చేసెను. 1962లో మూడుచక్రముల బండి చేయుటకు జపానువారి నమూనాను అనుమతితో తెచ్చుకొనెను. కొని, విప్పి, నేర్చి, పిమ్మట చేసిరి.

మనకును ఆ యోచన లేకపోలేదు. హిందూపురమునకు దక్షిణమున, చిక్కబళ్లాపురము కడనున్న ముద్దెనహళ్లిలో పుట్టిన మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు, వారి యింటిపేరు తెలుగునాటి పల్లెపేరే, 1930 తరువాతి సంవత్సరములలో యూరపు అమెరికాలు తిరిగి కార్ల కర్మాగారములను పరిశీలించి, ఈ దేశముననే కారు చేయుటకు ప్రణాళిక వ్రాసిరి. మైసూరు సంస్థానమున దానిని నిలుపజూచిరి. అప్పటి భారతప్రభుత్వము యుద్ధకాలమున అందుకు తోడ్పడలేదు. 1928లో బొంబాయిలో జనరల్ మోటార్స్‌వారు భాగములను తెచ్చి బిగించుట మొదలుపెట్టిరి గాని, అది బిగించుటయే. 1942లో హిందుస్థాన్ మోటార్స్, 1944లో వాల్‌చంద్ హీరాచంద్‌గారి ప్రీమియర్ కంపెనీ పుట్టిన తరువాతనే చేయుట అను మాటకు మెల్లగా అర్థమేర్పడినది. ఆ కంపెనీలును విదేశపు నమూనాలనే కొనినవి. అంబాసిడరు కారు ఇంగ్లీషువారి మోరిస్ కారే. ఆ కారును మనవారు 2014 వఱకు చేసిరి. ఏ పల్లె మెకానిక్కైనను దానిని కన్నులు మూసికొని విప్పి బిగించెడివాడు. విదేశపు కారు స్వదేశపుకారైనది ఆ విప్పుటవలననే.

ధర్మవరములో ఈ సంగతి తెలియనివారు లేరు. పట్టుచీర ఒక్కని పని గాదు. రంగు అద్దువాడొకడు, పడుగు పోయువాడొకడు, నేయువాడొకడు. ఎవరు చేసిరన్న మగ్గమువాని పేరు చెప్పుదురు. కొనవచ్చినవారిలో మిలమిల చూచి డబ్బు లెక్కించువారు కొందఱు. అంచును వ్రేళ్లతో తడవి, చీరను తిరుగవేసి వెనుకవైపు దారములు చూచి, జరీని గోటితో గీచువారు కొందఱు. ఆ రెండవవారిని చూచినచో నేతగాడు మోసపుచ్చుటకు జంకును, మంచిచీర లోపలినుండి తెచ్చును. నేయనేరని యామెకు అట్టి గౌరవము దక్కుచున్నదన్నచో, కారు కొన్నవానికి మాత్రమేల దక్కదు? బోనెట్టు ఎత్తి నూనెకడ్డీ తీసి చూడని కట్టుగాడును లేడు, చూచు కొనుగోలుగాడు అరుదు. తగవంతయు అక్కడనే తీఱును.

ఇక మీ యిండ్లలోనికి వచ్చెడి సంగతి. భూమి అమ్మిన డబ్బో, కొలువుజీతమో చేతిలోనున్న పడుచువాడు కొత్తకారు కొనిపెట్టుమనియో, పాతజీపు తెచ్చి తన యిచ్చవచ్చినట్లు మార్చుకొందుననియో పెద్దల నడుగుచున్నాడు. రెండవదానియందు నాకు ప్రీతి యెక్కువ. కాని చట్టము తెలియక దిగరాదు. 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, తయారుచేసినవారు చెప్పిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టు దానినే గట్టిగా నిలిపినది. కొత్తనమూనా దేనినైనను పరీక్షాసంస్థవారు పరీక్షించి ఒప్పిన గాని రస్తామీదికి రాదు. బ్రిటనులో ఇంట కట్టిన కారును ఒక్కొక్కదానినే పరీక్షించి అనుమతించు ఏర్పాటు గలదు. మనకును అట్టిది యుండవలెనని నా కోరిక. లేనంతవఱకు సొంతముగా కట్టిన బండి తోటలోనే తిరుగవలెను.

ఈ కట్టడి వట్టి పెత్తనము గాదు. నేటి కారు ముందుభాగము ఢీకొన్నప్పుడు నలుగుటకే చేయబడినది. అది నలిగి, లోనివారిని కాచును. టింకరింగు షెడ్డులో దానికి లావు ఇనుపకడ్డీ బిగించినచో కారు నలుగదు, మనుష్యుడు నలుగును; గాలిసంచులు తెఱచుకొనుటయు తప్పవచ్చును. కేంద్రప్రభుత్వము 2017 డిసెంబరులో ఈ కడ్డీలపై చర్య తీసికొనుడని రాష్ట్రములకు వ్రాసినది ఇందుకే.

పాతజీపును పాతరూపుననే నిలుపుటకు మాత్రము అడ్డులేదు. ఇంజను విప్పి పిస్టనురింగులు మార్చవచ్చును. బ్రేకులు, గేరుపెట్టె, విద్యుత్తు తీగలు, త్రుప్పుపట్టిన నేలరేకు, అన్నియు కుఱ్ఱవాడే కూర్చవచ్చును. హిందూపురపు షెడ్డులలో పని నేర్పువారు దొరకుదురు. సొంతబండి రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును. ఆ మీదట పరీక్ష చేయించి ఐదేసి యేండ్లకు పొడిగించుకొనవలెను. డబ్బు చేతికిచ్చుటకుముందు పెద్దలు తాము స్వయముగా పోయి, ఛాసీమీద చెక్కిన సంఖ్యను, ఇంజనుమీది సంఖ్యను పత్రముతో సరిపోల్చుకొనవలెను. ఇంజను మార్చవలసివచ్చినచో రవాణాధికారికి తెలిపి పత్రమున ఎక్కించుకొనవలెను. త్రుప్పు గీచునప్పుడు ఆ ఛాసీ సంఖ్యమీద మాత్రము ఆకురాయి పడనీయవద్దని కుఱ్ఱవానికి చెప్పుడు.