నక్షత్రాల నడుమ ఇంధనం అయిపోతే...

ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని సామెత. స్కూటరు మీద కాలేజీకి వెళ్ళివచ్చేసరికే నడుము పట్టేసే నాకు ఆ సామెత అతికినట్లు సరిపోతుంది. ఎందుకంటే, రాత్రి తొమ్మిది దాటాక నేను చుక్కల మధ్య ఓడ నడుపుతాను. పగలు ప్రబంధాలు, ఛందస్సు. రాత్రి రోహిణి, జ్యేష్ఠ, ఆర్ద్ర. ఈ సంగతి మా తెలుగు శాఖలో యింతవరకు ఎవరికీ తెలియదు. ఈ వ్యాసం అచ్చయితే తెలుస్తుంది. తెలియనివ్వండి.

నాకీ పిచ్చి అంటించినవాడు మా అబ్బాయి. వాడు ఇంటర్మీడియెట్ చదివే రోజుల్లో ఒక రాత్రి "పుస్తకం తియ్యరా" అని కేకలెయ్యడానికి వాడి గదిలోకి వెళ్ళాను. కంప్యూటరు తెరనిండా నారింజరంగు నక్షత్రమొకటి సలసల మరుగుతున్నది.

"అదేమిటిరా?" అన్నాను.

"ఆల్డెబరాన్, నాన్నా."

"ఆల్డెబరాన్ ఏమిట్రా, రోహిణి! మీ అమ్మ జన్మనక్షత్రం."

వాడు నావంక వింతగా చూశాడు. నాన్న దగ్గర కూడా తనకు తెలియని సంగతి ఒకటి వుందని అప్పుడే తోచినట్లుంది. "కూచో నాన్నా" అని కుర్చీ జరిపాడు. తిట్టడానికి వెళ్ళినవాణ్ణి రెండుగంటలు కూచుండిపోయాను.

ఆ ఆట పేరు ఎలీట్ డేంజరస్. దానికి వెనక పెద్ద కథే వుంది. 1984 లో డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు కేంబ్రిడ్జి విద్యార్థులు బీబీసీ మైక్రో అనే చిన్న కంప్యూటరు కోసం ఎలీట్ అనే ఆట తయారుచేశారు. ఆ యంత్రం జ్ఞాపకశక్తి మొత్తం కలిపి 32 కిలోబైట్లు. ఈనాడు మనం ఫోనులో పంపుకునే సంక్రాంతి శుభాకాంక్షల బొమ్మ ఒక్కటి అందులో పట్టడం కష్టం. అంత యిరుకులో వాళ్ళు 8 గెలాక్సీలు, ఒక్కొక్కదానిలో 256 లోకాలు అమర్చారు. ఎలాగంటారా? ఒక్కొక్కటీ రాసి దాచుకోలేదు. గణితసూత్రం ఒకటి యిస్తే యంత్రమే అప్పటికప్పుడు వాటిని పుట్టించుకుంటుంది. మా ఛందస్సులాగే నన్నమాట. గణాలు తెలిస్తే పద్యాలెన్నయినా కట్టవచ్చు గదా!

ముప్ఫయి ఏళ్ళు గడిచాక, 2014 డిసెంబరులో, బ్రేబెన్‌గారి కంపెనీ దానికి కొత్తరూపం యిచ్చింది. ఈసారి మన పాలపుంత యావత్తూ అందులో వుంది: 40,000 కోట్ల నక్షత్రవ్యవస్థలు. శాస్త్రజ్ఞులు పటాల్లోకి ఎక్కించిన నిజమైన చుక్కలెన్నో వాటివాటి చోట్లనే వున్నాయి. తక్కినవి సూత్రం పుట్టించినవి. ఆటలో కాలం మనకంటె 1286 సంవత్సరాలు ముందు నడుస్తుంది. ఇక ఆన్‌లైన్ అంటే, దేశదేశాల ఆటగాళ్ళూ ఒకే ఆకాశంలో తిరుగుతారని అర్థం. ఎదురొచ్చే ఓడలో వున్నది బ్రెజిల్ కుర్రాడు కావచ్చు, జర్మనీ తాతగారు కావచ్చు. దొరా కావచ్చు, దొంగా కావచ్చు.

ఇక నా కష్టాలు వినండి.

మొదటిది, సొంతయింటికి వెళ్ళడానికి పర్మిట్టు! మన సూర్యమండలంలో అడుగుపెట్టాలంటే ఫెడరేషన్ అనే ప్రభుత్వానికి ఊడిగం చేసి, హోదా సంపాదించి, అనుమతి పుచ్చుకోవాలి. నెలరోజులు వాళ్ళ మూటలు మోసి సంపాదించాను. తీరా వెళితే భూమి మీద దిగడానికి వీలులేదు. దట్టమైన గాలిపొర వున్న గ్రహాలమీద దిగే ఏర్పాటు ఆటలో లేదు. చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, మన దేశం ఎక్కడుందో వెతుక్కుని, గుడి తలుపులు మూసి వుంటే గోపురానికి దణ్ణం పెట్టుకున్నవాడిలాగ తిరిగివచ్చాను.

రెండోది, హట్టన్ ఆర్బిటల్. ఆల్ఫా సెంటారీ వ్యవస్థలో ఆ పేరుగల స్టేషనుందనీ, అక్కడికి వెళ్ళినవారికల్లా అనకొండ అనే భారీ ఓడ ఉచితంగా యిస్తున్నారనీ ఒక ఆటగాడు నాకు కబురు పెట్టాడు. ఉచితం అన్న మాట వింటే మధ్యతరగతి ప్రాణం ఆగుతుందా? బయలుదేరాను. ఆ స్టేషను మనం దిగే నక్షత్రానికి 0.22 కాంతి సంవత్సరాల దూరంలో వుంది. కాంతికంటె వెయ్యిరెట్లు మించిన వేగంతో పోయినా దరిదాపు గంటన్నర. దారిలో చెయ్యవలసిన పనేమీ లేదు. ఆ గంటన్నరలో నేను నలభై పరీక్షపేపర్లు దిద్దాను. తీరా చేరాక అక్కడ ప్రత్యేకంగా దొరికేది కాఫీ తాగే మగ్గు! అనకొండ ఉచితంగా యివ్వడం మాట అటుంచి, అది దిగేటంత జాగాయే అక్కడ లేదు. కొత్తవాళ్ళమీద పాతవాళ్ళు విసిరే వేళాకోళం అది. అబ్బాయి కిందపడి నవ్వాడు. మా ఆవిడ కూడా "ఏమండీ, ఓడ ఎక్కడ కట్టేశారు? వాకిట్లో కనపడదే!" అన్నది.

ఇవి నవ్వుకునే కష్టాలు. ఏడిపించిన కష్టం ఒకటి వుంది.

అబ్బాయికి ఇంజనీరింగులో సీటు వచ్చి వరంగల్లు హాస్టలుకు వెళ్ళవలసిన ముందురోజు రాత్రి. పెట్టె సర్దడం అయింది. వాళ్ళమ్మ ఊరగాయ సీసాలకు గుడ్డలు చుడుతున్నది. మేమిద్దరం ఒకే కంప్యూటరు ముందు కూచుని, నా ఓడలో మూడువేల కాంతి సంవత్సరాల దూరం పోయాం. అక్కడొక పసుపుపచ్చ చుక్క. దాని చుట్టూ రెండు నీలిగ్రహాలు ఒకదాన్నొకటి చుట్టుకుంటూ, కోలాటం ఆడుతున్నట్లు తిరుగుతున్నాయి. "నాన్నా, చూడు! మొదట కనుగొన్నవారు అనేచోట ఎవరి పేరూ లేదు" అన్నాడు వాడు. అంటే మనిషన్నవాడు దాన్ని మొదటిసారి చూడడం అదే. ఇందులో వింతలేదు. 2020 లో కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం ఆ పాలపుంతలో ఆటగాళ్ళు చూసింది రెండువేలింట ఒక వంతు కూడా కాదు. అయినా ఆ రాత్రి అది మా చుక్క. వాడు వ్యవస్థ సంఖ్యను నోటుబుక్కులో రాసుకున్నాడు.

పేరు నమోదు కావాలంటే ఆ సమాచారాన్ని ఏదైనా స్టేషనుకు మోసుకొచ్చి అమ్మాలి. మధ్యలో ఓడ పగిలితే, ఓడకు భీమా వుంది. అమ్మని సమాచారానికి లేదు. వాడు వెళ్ళిపోయిన నాలుగోరోజున, ఒంటరిగా వెనక్కి వస్తూ, ఒక గ్రహం అందంగా కనిపిస్తే దిగబోయాను. ఆకర్షణశక్తి ఎంత వుందో చూసుకోలేదు. భూమికి నాలుగు రెట్లట! ఓడ బండరాయిలా పడి ముక్కలైంది. తప్పు నూటికి నూరుపాళ్ళూ నాదే. భీమామీద ఓడ వచ్చింది. మా చుక్క రాలేదు.

ఈ సంగతి వాడికి చెప్పలేకపోయాను. ఫోను చేసేవాణ్ణి. "తిన్నావా?" "తిన్నాను." "చదువుతున్నావా?" "ఆఁ." "డబ్బులున్నాయా?" "ఉన్నాయి. అమ్మకివ్వు నాన్నా." అంతే. పద్దెనిమిదేళ్ళు పెంచిన కొడుకుతో మాట్లాడడానికి నాకు నాలుగో ప్రశ్న దొరకలేదు. ఇరవై రోజులు చూసి, చివరికి చెప్పేశాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు. తరువాత నవ్వు వినిపించింది. "నంబరు నా దగ్గరుంది నాన్నా. పరీక్షలవగానే మళ్ళీ వెళదాం" అన్నాడు. ఆ రోజు ఫోను ముప్పావుగంట నడిచింది.

నాకు ఆగబుద్ధి కాలేదు. నంబరు అడిగి తీసుకుని ఒక్కణ్ణీ బయలుదేరాను. ఓడకు ఇంధనం కావాలంటే నక్షత్రం అంచున ఎగురుతూ దాన్నుంచే పీల్చుకోవాలి. అన్ని చుక్కలూ ఇవ్వవు. ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎం అనే ఏడు తరగతులవే ఇస్తాయి. అక్షరగణాలు ముప్ఫయిసార్లు వల్లెవేయించే మాస్టారికి ఈ ఏడక్షరాలు గుర్తులేకపోయాయి. వరసగా మూడు దూకులూ తెల్లమరుగుజ్జుల దగ్గరికీ, చల్లారిన గోధుమరంగు వాటి దగ్గరికీ దూకాను. ఇంధనం సున్నా. ఓడలో దీపాలు ఆరిపోయాయి. ప్రాణవాయువు యిక కొద్ది నిమిషాలని తెరమీద అంకెలు తగ్గుతున్నాయి.

రాత్రి పదకొండింటికి అబ్బాయికి ఫోను చేశాను. "ముందు ఆట మూసెయ్యి నాన్నా! నువ్వు బయటవుంటే ఆ లెక్క ఆగుతుంది. నేను ఎలుకల్ని పిలుస్తాను" అన్నాడు.

ఎలుకలంటే ఫ్యూయల్ ర్యాట్స్. 2015 లో ఆటగాళ్ళే తమంతట తాము పెట్టుకున్న దళం అది. ఇంధనం అయిపోయి ఎక్కడ ఎవరు చిక్కుకున్నా వెళ్ళి పోసివస్తారు. ఎవరి దగ్గరా కాణీ పుచ్చుకోరు. ఆటను తయారుచేసినవాళ్ళు వాళ్ళను నియమించలేదు. గెలుపూ లేదు, బహుమానమూ లేదు. గంటన్నర తరువాత "ఇప్పుడు తెరువు" అని అబ్బాయి చెప్పాడు. తెరిచాను. చీకట్లో రెండు ఓడలు నావైపు దీపాలు వేసుకుని వస్తున్నాయి. ఒకరిది పోలండ్, ఒకరిది కెనడా. చిన్న చిన్న యంత్రాలను నా ఓడకు పంపి ఇంధనం నింపారు. ఏ నక్షత్రం దగ్గర ఆగాలో ఓపికగా చెప్పి, వచ్చినదారినే పోయారు. వినాయకుణ్ణి మోసిన ఎలుకకు ఈ మాస్టారొక లెక్కా అనుకున్నాను. తెరకు చేతులు జోడిస్తున్న నన్ను చూసి మా ఆవిడ యీసారి వేళాకోళం చెయ్యలేదు. మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది.

పరీక్షలయ్యాక వాడూ తన ఓడలో వచ్చాడు. మా చుక్క దగ్గర యిద్దరం ఆగాం. ఎవరూ వచ్చిపోలేదు. "నువ్వే అమ్ము నాన్నా, నీ పేరే వుండాలి" అన్నాడు. ఈసారి దారిలో ఎక్కడా దిగలేదు. స్టేషనుకు చేరి అమ్మేశాను. ఇప్పుడక్కడ నా పేరుంది.

అయితే ఆ పేరు ఎంతకాలం వుంటుంది? ఇలాంటి ఆటలు ఆడేవారందరి దిగులూ యిదే. ఆ ఆకాశమంతా ఏదో కంపెనీ యంత్రాల్లో వుంటుంది. వాళ్ళు మీట నొక్కితే ఆరిపోతుంది. ఎర్త్ అండ్ బియాండ్ అనే అంతరిక్షపు ఆట 2002 లో మొదలై 2004 లో మూతపడింది. స్టార్ వార్స్ గెలాక్సీస్ 2003 నుంచి 2011 డిసెంబరు దాకా నడిచి ఆగింది. మా ఆటే తీసుకోండి. టీవీకి తగిలించే పెట్టెలమీద ఆడేవారికి యిక కొత్త హంగులు రావని 2022 లో ప్రకటించారు. వాగ్దానాల సంగతి సరేసరి. స్టార్ సిటిజన్ అనే ఆటకు 2012 లో చందాలు పోగుచెయ్యడం మొదలుపెట్టి, 2014 లో యిస్తామన్నారు. 2024 నాటికి చందాలు 70 కోట్ల డాలర్లు దాటాయి. ఆట పూర్తికాలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఆశకూ చోటు లేకపోలేదు. నో మాన్స్ స్కై 2016 ఆగస్టులో విడుదలైనప్పుడు, ఇద్దరు ఆటగాళ్ళు ఒకే గ్రహంమీద ఒకేచోట నిలబడినా ఒకరికొకరు కనిపించలేదు. నానా దుర్భాషలూ పడిన ఆ చిన్న కంపెనీ నోరుమూసుకుని పనిచేసి, పైసా అడక్కుండా మార్పులు చేస్తూపోయింది. 2018 జూలైలో ఆటగాళ్ళు కలిసి తిరిగే వీలు కల్పించింది. తిట్టినవాళ్ళే తరువాత మెచ్చుకున్నారు. ది క్రూ అనే కార్లపందేల ఆటను 2024 లో ఆపివేసినప్పుడు, కొన్న ఆటను ఆర్పే హక్కు అమ్మినవాడికెక్కడిదని యూరపులో అర్జీ లేచింది. 2025 నాటికి దానికి పదిలక్షల పైగా సంతకాలు పడ్డాయి.

నేను కోరేదీ అదే. ఆట ఆపితే ఆపండి. ఆకాశాన్ని మాత్రం ఆడినవాళ్ళ చేతిలో పెట్టిపోండి. ఎలుకల్లాంటివాళ్ళు దాన్ని చూసుకోలేరా? ఇంకొక కోరిక కూడా వుంది. ఏనాటికైనా భూమి మీద దిగనివ్వండి. ఓడను గోదావరి గట్టున దింపి, అబ్బాయికి వాళ్ళ తాతగారి ఊరు వుండేచోటు చూపించాలి. 1286 ఏళ్ళ తరువాత అక్కడేముంటుందో నాకూ చూడాలని వుంది.

తొమ్మిది కావస్తున్నది. వాడి హాస్టల్లో భోజనాలు అయివుంటాయి. ఈ రాత్రి ఇద్దరం ఆర్ద్ర వైపు బయలుదేరాలనుకున్నాం. ఇంధనం నిండుగా వుంది. చూసుకున్నాను.